తాతా అంటే పలికేవాళ్ళు

(కాంతం హౌస్ - తొమ్మిదో భాగం)

ఇంతవరకు జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. పరాయి దేశంలో, రెజైనా అనే ఊళ్ళో కోదండరామ్ నడుపుతున్న ముసలివాళ్ళ ఇల్లు కాంతం హౌస్. తల్లి పేరే పెట్టుకున్నాడు. అందులో ఎనిమిది మంది ముసలివాళ్ళు. వాళ్ళకు సేవ చేస్తూ, పక్కన కాలేజీలో ఆ సేవే చదువుకుంటున్న పిల్ల దేవిశ్రీ. పరీక్షలు ముగించుకుని ఆ గురువారం పొద్దున్నే మళ్ళీ పనిలోకి వచ్చింది. టిఫిన్లు అయ్యాయి. టీవీ ముందు కూర్చున్న వాల్టర్ తాత ఉన్నట్టుండి కుర్చీలోంచి జారిపోయాడు. ఒళ్ళంతా చెమట. పిలిస్తే పలుకు లేదు. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. తొంభై దాటిన మనిషి, వయసైపోయింది మరి, అని అందరూ అనుకున్నారు.

అనుకోనిది దేవిశ్రీ ఒక్కతే. పక్క కుర్చీలో ఉండే ఎడ్విన్ తాతను, షుగరు మాత్ర మింగావా అని అడిగింది. నాకెవరిచ్చారు, అన్నాడాయన. ఆయన మాత్రల అట్టలో మాత్రం ఆ పూట మాత్ర లేదు.

ఇప్పుడు ఆ అట్ట పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది.

"ఎడ్విన్ తాత మాత్ర వాల్టర్ తాతకు పోయింది అంకుల్. నేనే ఇచ్చిన."

కోదండరామ్ టీ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టలేదు. లేచి వెళ్ళి వంటింటి తలుపు దగ్గరకు వేసి వచ్చాడు.

"ఎవరెవరికి చెప్పినావు?"

"మీకు, దుర్గాంటీకి."

"అయితే ఎవరికీ చెప్పనట్లే. కూర్చో."

దేవిశ్రీ కూర్చోలేదు. పొయ్యి దగ్గర కనకదుర్గ సూపు కలుపుతోంది. ఆ ఇంట్లో అందరికంటే పాత పనిమనిషి ఆమే. అరవై దాటాయి. దేవిశ్రీ రెజైనాలో దిగిన కొత్తలో గది దొరక్క నానా అవస్థా పడుతుంటే, తన ఇంట్లో కింది గది ఇచ్చి, నెలంతా వండిపెట్టింది ఆమే. ఇప్పుడు ఆమె వెనక్కి తిరగలేదు. గరిటె మాత్రం ఆగింది.

"ఎట్లా జరిగిందమ్మా?" అన్నాడు కోదండరామ్. "అట్ట మీద పేరుంటుంది. ఫొటో ఉంటుంది. చదువుకున్న పిల్లవు."

దేవిశ్రీ దగ్గర జవాబు ఉంది. కాని అది చెబితే నవ్వుతారు.

మందు ఇచ్చే ముందు మనిషిని పేరు పెట్టి పిలవాలి. పుట్టినరోజు చెప్పించాలి. ఫొటో చూసుకోవాలి. కాలేజీలో ఇదే మొదటి పాఠం. పరీక్షలో మొన్ననే రాసి వచ్చింది కూడా. రాయడానికి చేయి వచ్చింది. పిలవడానికి నోరు రాలేదు. తాత వయసు మనిషిని ఎదురుగా నిలబడి వాల్టర్ అని ఎట్లా అంటుంది? ఆమె పుట్టింది జగిత్యాల పక్క ఊళ్ళో. వాళ్ళమ్మ రేషన్ షాపులో పేరడిగితే కార్డు చూపించేది గాని మామ పేరు నోట పలికేది కాదు. ఆ పాలు తాగి పెరిగిన పిల్ల.

అందుకని తాతా అనేది. ఈ అలవాటు పెట్టింది కనకదుర్గ. అంటే ఏమిటని మొదట్లో వాల్టర్ అడిగాడు. చెబితే ఆయనకు నచ్చింది. కాల్గరీలో ఉన్న మనవడికి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు, ఒక కుక్క ఉంది, అది నన్ను తాతా అని పిలవదు గదా, అని నవ్వాడు. నాకూ అదే పేరు కావాలని ఎడ్విన్ పేచీ పెట్టాడు. ఇద్దరిదీ ఒకటే బట్టతల, ఒకటే గళ్ళ చొక్కా. కిటికీ దగ్గర పక్కపక్క కుర్చీలు. తాతా అంటే ఇద్దరూ తల ఎత్తుతారు. ఆ పొద్దున మాత్ర గిన్నెలో వేసుకుని వెళ్ళి తాతా అంది. వాల్టర్ చేయి చాచాడు. పరీక్షల నిద్ర ఇంకా కళ్ళల్లోనే ఉంది. ఇచ్చేసింది.

"తాతా అన్న అంకుల్. ఆయన చేయి చాపిండు."

కోదండరామ్ నవ్వలేదు. "మర్యాద ఎక్కువైతే మనిషి పోతాడని మా నాయన అనేవాడు. ఇట్లా పోతాడనుకోలేదు."

"పోయిండని అనకండి. హాస్పిటల్‌కి ఫోన్ చేద్దాం. ఏం మింగిండో వాళ్ళకు తెల్వదు గదా."

"తెలిసినా గ్లూకోజే ఎక్కిస్తారు. తెలీకపోయినా గ్లూకోజే ఎక్కిస్తారు."

"ఒక్క సీసాతో పోయే మందు కాదది. ముసలి ఒంట్లో రోజంతా పని చేస్తనే ఉంటది. సాయంత్రానికి బాగైండని వాళ్ళు పంపిస్తరు. మనం పడుకోబెడ్తం. నిద్రల మళ్ళ షుగరు పడిపోతది. మంచిగ నిద్ర పోతున్నడని అనుకుంటం. తెల్లారి చూస్తే ఏముంటది అంకుల్?"

కోదండరామ్ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో తనూ ఇట్లాంటి ఇంట్లోనే ముసలివాళ్ళను ఎత్తి దించాడు. నడుము పోయింది. నడుము పోయినాకే సొంతంగా ఇల్లు పెట్టాడు.

"ఈ ఊళ్ళో ఒక ముసలాయనకు మంచం దొరకాలంటే ఇంకొక ముసలాయన పోవాల," అన్నాడు. "అంత కరువు. నువ్వు ఫోన్ చేస్తావు. వాళ్ళు లైసెన్సు ఆఫీసుకు చెప్తారు. ఆఫీసు వాళ్ళు వచ్చి ఇంటికి తాళం వేస్తారు. తక్కిన ఏడుగురు ఎక్కడికి పోతారు? కొడుకుల దగ్గరికా? ఆ కొడుకులకే అరవై దాటినాయి. వాళ్ళకే ఇంకొకరు సాక్సు తొడగాల."

"నిజమే అంకుల్, కాని..."

"విను. వీళ్ళు ఊరికే ముసలోళ్ళు కాలేదు. రోడ్లేసినారు, గోధుమ పండించినారు, పన్నులు కట్టినారు. పిల్లల్ని మాత్రం ఒకరిద్దరితో ఆపినారు. ఇప్పుడు దుడ్లున్నాయి, ఇండ్లున్నాయి, లేపి కూర్చోబెట్టే మనిషి లేడు. మిమ్మల్ని విమానాల్లో నింపి తెచ్చుకుంటున్నది ఎందుకనుకున్నావు? చదువు అని పేరు. చదువుకునేవాళ్ళు వారానికి ఇరవై గంటలే పని చేయాలన్న రూలు ఎందుకు ఎత్తేసినారు? ఈ దేశానికి కావలసింది మీ డిగ్రీ కాదు, మీ పాతికేళ్ళ నడుము."

ఆ మాట దేవిశ్రీకి కొత్త కాదు. తనతో పాటు విమానం ఎక్కినవాళ్ళలో సగం మంది వాన్ అనే ఊళ్ళో గోడౌన్లలో పెట్టెలు ఎత్తుతున్నారు. తను మనుషులను ఎత్తుతోంది. పెట్టె పొరపాటున వేరే లారీ ఎక్కితే దించి మళ్ళీ ఎక్కిస్తారు.

"ఇంకొక మాట," అన్నాడు కోదండరామ్ లేస్తూ. "నీ పీఆర్‌కు, ఇక్కడే ఉండిపోయే కాగితానికి, ఉద్యోగం ఉత్తరం ఇవ్వాల్సింది నేనే. ఆ సంగతి నేను గుర్తు చేయను. నీకే గుర్తుంటుంది."

దేవిశ్రీ కనకదుర్గ వైపు చూసింది. అడ్డం పడుతుందని ఆశ. అన్నం పెట్టిన చేయి, ఒక మంచి మాట అనకపోతుందా అని.

"నోరు మెదపకే తల్లీ," అంది కనకదుర్గ గోడకేసి చూస్తూ. "ఆస్పత్రి వాళ్ళే చూసుకుంటారు. నా మాట విను."

ఆమె నోట ఆ మాట వస్తుందని దేవిశ్రీ అనుకోలేదు. ఆనుకుందామనుకున్న గోడ కూడా తడిగోడే అయింది.

అప్పుడే వీధి తలుపు గంట మోగింది.

వచ్చింది వాల్టర్ కూతురు మార్లీన్. అరవై ఏడేళ్ళ మనిషి. రెండు మోకాళ్ళకూ ఆపరేషనే. గంటన్నర దూరం నుంచి తనే కారు నడుపుకుంటూ హాస్పిటల్‌కి వచ్చి, అక్కడి నుంచి ఇటు వచ్చింది. బూట్ల నిండా కరిగిన మంచు బురద. గుమ్మంలో బూట్లు విప్పడానికే చాలాసేపు పట్టింది ఆమెకు. దేవిశ్రీ వంగి సాయం చేసింది.

"నాన్న పళ్ళు కావాలి," అంది మార్లీన్. "చెవి మిషన్ కూడా. లేచాడు. ఏదో అంటున్నాడు, పళ్ళు లేక ఒక్క ముక్క అర్థం కావడం లేదు. సాయంత్రానికి పంపించేస్తాం అంటున్నారు."

సాయంత్రానికి.

దేవిశ్రీ ఆమెను వాల్టర్ గదిలోకి తీసుకువెళ్ళింది. పళ్ళ సెట్టు డబ్బాలో పెట్టి, చెవి మిషన్ గుడ్డతో తుడిచి ఇచ్చింది. మార్లీన్ సంచిలో వేసుకుంటోంది. గుమ్మం దగ్గర కోదండరామ్ వచ్చి నిలబడ్డాడు.

ఊరుకుంటే ఈ ముసలావిడ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతుంది. సాయంత్రం తండ్రిని తెచ్చి ఈ మంచం మీదే పడుకోబెడుతుంది. దుప్పటి కప్పేది ఎవరు? దేవిశ్రీయే.

"మేడమ్, పొద్దున మీ నాన్నకు నేను వేరేవాళ్ళ మాత్ర ఇచ్చాను," అంది తన ఇంగ్లీషులో. "షుగరు తగ్గించే మాత్ర. డాక్టరుకు ఇప్పుడే చెప్పండి. ఇవాళ పంపించవద్దనండి."

మార్లీన్ మంచం మీద కూర్చుంది. అరవలేదు. మాత్ర పేరు అడిగింది. దేవిశ్రీ అట్ట చూపించింది. ఆమె ఫోను తీసి, ఒకరి తర్వాత ఒకరిని అడిగి, చివరకు వార్డులో నర్సును పట్టుకుని మాత్ర పేరు అక్షరం అక్షరం చెప్పింది. అవతలి నుంచి ఏవో ప్రశ్నలు. మార్లీన్ ఊఁ కొట్టి, ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"రెండు రోజులు అక్కడే ఉంచుతారట. గంట గంటకూ రక్తం చూస్తారట. సమయానికి చెప్పారు అంది నర్సు."

బతికాడు. ఇక తన సంగతి. దేవిశ్రీ తిట్లకు సిద్ధంగా చేతులు కట్టుకుని నిలబడింది. బళ్ళో సారు ముందు నిలబడ్డట్టే.

మార్లీన్ తల ఎత్తి గుమ్మం వైపు చూసింది.

"ఈ అమ్మాయిని తీసేస్తారా మీరు?"

కోదండరామ్ తడబడ్డాడు. "ఆఫీసు వాళ్ళు ఏమంటారో..."

"ఆఫీసుకు ఎవరు చెబుతారు? నేను చెప్పను. హాస్పిటల్ వాళ్ళు అడిగితే నాన్నే పొరపాటున మింగాడంటాను. ఇది మూసేస్తే నాన్నను నేనెక్కడ పెట్టాలి? మా ఊరి బడి ఎప్పుడో మూసేశారు. చర్చి అమ్మేశారు. బస్సు ఆపేశారు. మా వీధిలో అందరికంటే చిన్నదాన్ని నేనే. వాళ్ళందరి గుమ్మాల ముందు మంచు తోసేది ఈ మోకాళ్ళే."

అని దేవిశ్రీ వైపు తిరిగింది.

"అమ్మాయ్, నువ్వు నా దగ్గరికి వచ్చేయి. ఇంట్లో నాలుగు గదులు ఖాళీ. నాన్నను తెచ్చుకుంటాను. నీకు ఏ కాగితం కావాలన్నా నేను సంతకం పెడతాను. తప్పు చేసి నోరు విప్పిన మనిషివి. అట్లాంటి మనిషి నాకు దొరకడం కష్టం."

ఇది విని కోదండరామ్ గది లోపలికి వచ్చేశాడు.

"అమ్మా దేవిశ్రీ, ఆ ఊరికి పోతే నీకు పలకరించే దిక్కుండదు," అన్నాడు తెలుగులో. "నిమ్మకాయ కావాలన్నా గంటన్నర రావాల. నీ ఉత్తరం రేపే రాసిస్తా. రేపెందుకు, ఈ పొద్దే. ఇందాక అన్నది మనసులో పెట్టుకోవద్దు."

"ఏమంటున్నాడు?" అంది మార్లీన్.

"ఉండమంటున్నాడు."

"నా ఇంట్లో కారు వాడుకోవచ్చని చెప్పు."

దేవిశ్రీ చిన్నప్పుడు పశువుల అంగడి చూసింది. కొనేవాడూ బేరగాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. ఎద్దు పక్కనే నెమరు వేస్తూ నిలబడి ఉండేది. తన పేరు మీద ఏం నడుస్తోందో దానికి తెలియదు. ఇప్పుడా తువ్వాలు తన మీద పడ్డట్టనిపించింది. ఈ ఎద్దు పొద్దున్నే ఒక మనిషిని పొడిచి వచ్చిందని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ తాడు వదలరు. ఎద్దుల కరువు అట్లాంటిది. తప్పుకు శిక్ష పడుతుందని భయపడి వచ్చింది. తప్పు చేసినా పొమ్మనలేనంత లోటు ఉన్నచోట, ఆ తప్పు ఇంకా పెద్దగా కనిపించింది ఆమెకు. ఊళ్ళో అయితే రెండు దెబ్బలు వేసి, పద అన్నం తిను, అనేవారు. ఆ రెండు దెబ్బలు వేసే తీరిక కూడా ఇక్కడ ఎవరికీ లేదు.

"నన్ను ఒక్క మాటైనా అనండి మేడమ్," అంది. "మీ నాన్న చచ్చిపోయేవాడు."

మార్లీన్ చేత్తో ముఖం తుడుచుకుంది.

"ఏమనాలి నిన్ను? నేనే ముందు తెలుసుకోవలసింది. ఆదివారం నేను వచ్చినప్పుడే ఒళ్ళంతా చెమటలు. చేయి వణికి కాఫీ ఒలికింది. అడ్డదిడ్డంగా మాట్లాడాడు. మంగళవారం ఫోన్ చేస్తే నన్ను మా అమ్మ అనుకున్నాడు. ముసలితనం కదా అని ఊరుకున్నాను. ఈ వయసులో ఏం వచ్చినా ముసలితనమే అంటాం మేము."

"ఆదివారమా?"

"ఆదివారమే. చర్చి నుంచి ఇటే వచ్చాను."

దేవిశ్రీ ఆ మాట లోపల తిప్పుకుంది. చెమట. వణుకు. మనిషిని గుర్తు పట్టకపోవడం. షుగరు పడిపోతే వచ్చేవి అవే. ఆదివారం ఆమె లైబ్రరీలో ఉంది. ముందటి శుక్రవారం నుంచి నిన్నటి దాకా ఈ ఇంటి గడప తొక్కలేదు. పొద్దున తను ఇచ్చిన మాత్ర ఒకటి. మరి ఆదివారం మాత్ర ఎవరిది?

గది దాటి హాల్లోకి వచ్చింది. వెనకే మార్లీన్, ఆమె వెనక కోదండరామ్. కిటికీ దగ్గర ఎడ్విన్ తాత నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ నీళ్ళు పట్టు పిల్లా. వారం నుంచి ఈ దాహం తీరడం లేదు."

ఆయనకు షుగరు ఎక్కి ఉంది. మందు పడక ఎక్కి ఉంది. ఒక్క పూట తప్పితే వచ్చే దాహం కాదిది.

వంటింటి తలుపు తోసింది. కనకదుర్గ పొయ్యి ఆపేసి స్టూలు మీద కూర్చుని ఉంది. వీళ్ళ కోసమే ఎదురుచూస్తున్నట్టుంది.

"దుర్గాంటీ, నేను లేనప్పుడు మందులు ఎవరిచ్చిన్రు?"

"నేనే."

"ఫొటో చూసిన్రా?"

కనకదుర్గ పైట చెంగుతో కళ్ళద్దాలు తుడిచి, పెట్టుకోకుండా ఒళ్ళో ఉంచుకుంది.

"చూశానే. ఫొటో ఉండే చోట చూశాను. ఏదో మొహం ఉంది, మసక్కా. తాతా అన్నాను. పలికినవాడి చేతిలో వేశాను." ఆమె ఒళ్ళోని అద్దాలను వేళ్ళతో తిప్పింది. "మంచు పడకముందు నుంచీ ఇంతే నా కళ్ళు. పొర కమ్మిందన్నారు. ఆపరేషన్‌కి పేరు రాసుకున్నారు. పిలుస్తామన్నారు. అక్కడా నాకంటే ముసలాళ్ళే ముందు నిలబడి ఉన్నారు, ఏం చెయ్యను? పని మానేస్తే నాకెవరు పెడతారే?"

దేవిశ్రీ గిరుక్కున తిరిగి కోదండరామ్ వైపు చూసింది. ఆయన ఉలిక్కిపడలేదు. అయ్యో అనలేదు. నేలకేసి చూశాడు. ఈ సంగతి ఆయనకు ఇవాళ తెలిసింది కాదు.

అంటే తెలిసీ ఆమె చేతికి ఎనిమిది మంది మందులు ఇచ్చాడు. ఎందుకంటే ఇంకొక చేయి లేదు.

మార్లీన్‌కు తెలుగు రాదు. సంచి రెండు చేతులతో పట్టుకుని ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చివరకు దేవిశ్రీ దగ్గర ఆగింది.

"ఆవిడ ఏమంటోంది?"

కోదండరామ్ తల ఎత్తాడు. కనకదుర్గ కళ్ళద్దాలు పెట్టుకుంది, ఆ పిల్ల ముఖం కనబడుతుందేమోనని. ఆవిడ ఏమందో ఇంగ్లీషులో చెప్పవలసింది ఇప్పుడు దేవిశ్రీ ఒక్కతే.